పైన పసుపు, కింద నీలం

మొన్న కంటి ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి వాళ్ళు నా చేతికి ఒక కార్డు ఇచ్చారు. కంట్లో పెట్టిన అద్దం ఏ రకమో, దాని నంబరెంతో అందులో రాసి ఉంది. ఇరవై ఒకటిన్నర. ఆపరేషన్‌కి ముందే ఆ అద్దాన్ని ఒకసారి చూపించమని అడిగాను. అక్కడి పిల్ల నవ్వి, డబ్బా మీద బొమ్మ చూపించింది. కందిగింజంత ఉంటుందట. మడిచి లోపలికి పంపితే అక్కడ విచ్చుకుంటుందట. "మళ్ళీ ఎప్పుడైనా తియ్యాలా అమ్మా?" అని అడిగాను. "తియ్యడం ఉండదు బామ్మగారూ, ఇంక అది మీదే" అంది.

తియ్యడం ఉండదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంట్లో ఒకప్పుడు ఒకే ఒక్క అద్దం ఉండేది. దాని నంబరు పది. దాన్ని తీశాము, మళ్ళీ పెట్టాము. ఆ రెండు పనులకీ మధ్య పద్నాలుగు రోజులు గడిచాయి. ఆ పద్నాలుగు రోజుల సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను.

మాది విశాఖపట్నంలో పాత ఊరు. రేవుకి ఎగువన, కొండవాలులో రెండు వాటాల పెంకుటిల్లు. రేవులో ఓడలకెత్తే ఇనుప రాతి దుమ్ము గాలి వాటాన్ని బట్టి మా ఇంటి మీద వాలేది. అమ్మ పొద్దున ఆరేసిన తెల్ల లంగా సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. ఎండుచేపల వాసన, డీజిలు వాసన, తడిసిన తాళ్ళ వాసన కలిసి ఒకే వాసనగా మా ముక్కులకి అలవాటైపోయాయి. ఇంటి వెనక ఒక పెద్ద బండ ఉండేది. బండ ఎక్కితే రేవు మూతి, దాని పక్కన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ, ఆ వెనక రేవులో చోటు కోసం కాచుకున్న ఓడలు కనిపించేవి.

మేము సముద్రం మనుషులం కాము. ఆనందపురం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇల్లు మాది. నాన్న ఒక్కడే నాగలి వదిలి ఇంజిన్ పట్టుకున్నాడు. చేపలు పట్టే మెషిన్ బోటుకి డ్రైవరయ్యాడు. మామ్మకి, అంటే నాన్న తల్లికి, ఒక తమ్ముడు ఉండేవాడు. మేము ఆనందపురం తాత అనేవాళ్ళం. వచ్చినప్పుడల్లా నాన్నతో అదే గొడవ.

"ఒరే అల్లుడూ, బూమ్మీద పుట్టినోడివి, నీళ్ళ మీదేటి పనిరా నీకు?"

"నీళ్ళకి గట్టు తగువుండదు మావా" అనేవాడు నాన్న, నవ్వుతూ. తాత కోర్టు చుట్టూ తిరుగుతున్నది గట్టు తగువు మీదే మరి.

నాన్న బోటు యజమానికి రెండు బోట్లుండేవి. రెండూ ఒకే కొలతల మీద, ఒకే వడ్రంగి చేతి కింద తయారైనవి. కేబిన్‌కి చుట్టూ పసుపు పట్టీ, దాని కింద నీలం పట్టీ వెయ్యమని రంగులవాడికి చెప్పారు. అతను ఒక బోటుకి చెప్పినట్టే వేసి, రెండో దానికి మతిమరుపున నీలం పైన, పసుపు కింద వేసేశాడు. యజమాని ముందు తిట్టాడు, తర్వాత ఇదీ ఒకందుకు మంచిదే, దూరం నుంచి ఏది ఏదో తెలుస్తుంది అని వదిలేశాడు. పైన పసుపుంటే నాన్న బోటు. పైన నీలముంటే రెండో బోటు. రేవులో పిల్లలందరికీ ఈ లెక్క నోటికి వచ్చు.

ఇక మామ్మ అద్దం సంగతి. మామ్మకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో శుక్లం ముదిరి మూడేళ్ళు మనుషులు నీడల్లాగే కనిపించారు. ఆ రోజుల్లో కంట్లోపల అద్దం పెట్టడమన్నది మా బోటివాళ్ళు వినను కూడా లేదు. కంటి క్యాంపులో శుక్లాన్ని కోసి తీసేసి, దాని బదులు ముక్కు మీద పెట్టుకోవడానికి సీసా అడుగంత మందం అద్దం ఇచ్చేవారు. మామ్మ కళ్ళజోడుకి ఒక పక్క ఆ అద్దం, గుడ్డి కన్ను పక్క ఉత్త గాజు. మొదటిసారి అది పెట్టుకుని నాన్నని చూసిన రోజు నాకు గుర్తుంది.

"ఓలమ్మో! నా కొడుకెంత ఒళ్ళు సేసాడో!" అని మురిసిపోయింది. నాన్న సన్నగా, గట్టిగాలికి ఎగిరిపోయేటట్టు ఉండేవాడు. ఆ అద్దం ఎవరిని చూపించినా ఒక చుట్టు లావు చేసే చూపించేది.

"అద్దం సేసిన ఒళ్ళత్తా అది, అన్నం సేసింది కాదు" అంది అమ్మ.

"ఏదైతేటి? నా కంటికి నిండుగున్నాడు" అంది మామ్మ.

మామ్మ మధ్యాహ్నం కునుకు తీస్తే కళ్ళజోడు నాది. ఎర్రచీమ మీసాలు చూసేదాన్ని. నెత్తళ్ళ పొలుసులు చూసేదాన్ని. ఎండలో అద్దం పట్టి ఎండుటాకు కాల్చేదాన్ని. ఒకసారి నాన్న బీడీ అలాగే వెలిగించి పెట్టాను. ఆయన ఆ బీడీని రేవులో అందరికీ చూపించి, నా కూతురు సూర్యుడితో ముట్టించింది అని చెప్పుకున్నాడట. అద్దానికి మసి అంటిందని మామ్మ నా వీపు మీద ఒకటిచ్చింది.

పక్క వాటాలో ఉండేవాడు లేబు మాస్టారు. కృష్ణా జిల్లా మనిషి. కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. అక్కడి లేబులో ఇసుక, సిమెంటు పరీక్ష చెయ్యడం ఆయన పని. క్వార్టర్లు ఇంకా లేవలేదు కనుక పొద్దున్నే బయల్దేరి గాజువాకలో బస్సు మారి వెళ్ళేవాడు. నా అద్దం పిచ్చి చూసి ఒక ఆదివారం నన్నూ నాన్ననీ వెంటబెట్టుకుని వెళ్ళి మైక్రోస్కోపు చూపించాడు. మా ఇంటి పెంకుల మీంచి నేను కాగితంలో పొట్లం కట్టుకెళ్ళిన ఎర్ర దుమ్ముని గాజు పలక మీద చల్లాడు. అమ్మ ప్రాణం తీసే ఆ దుమ్ము లోపల నల్లగా, ఎర్రగా, పలకలు పలకలుగా తళతళలాడుతోంది. నాన్న చాలాసేపు కన్ను తియ్యలేదు. గాజు పలకని వేలితో జరిపి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేటి మేస్టారూ, నానిటు జరిపితే అదటెల్తంది?"

"తిరగేసి చూపిస్తుందయ్యా డ్రైవరూ. పైది కిందికి, కుడిది ఎడమకి."

నాన్న పగలబడి నవ్వాడు. "ఇది మా సుక్కానే! కర్ర ఎడంపక్కకి తోత్తే బోటు కుడిపక్కకెల్తాది. కొత్తలో బుర్ర తిరిగిపోద్ది. అలవాటయ్యాక సెయ్యే తిప్పేత్తాది. తిప్పినట్టే మనకి తెలవదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాస్టారు నాకు విడమరిచి చెప్పాడు. అద్దం వస్తువుని పెద్దది చెయ్యదు, వెలుతురుని వంచుతుంది. మైక్రోస్కోపులో కింది అద్దం దగ్గరున్న చిన్నదాన్ని తీసుకుని గొట్టంలోపల దాని బొమ్మ వేస్తుంది, తల్లకిందులుగా. పై అద్దం ఆ బొమ్మని భూతద్దంలాగా పట్టి చూపిస్తుంది. దుర్భిణిలో దూరాన ఉన్నదాన్ని తెచ్చి బొమ్మ వేస్తుంది. తక్కినదంతా అదే. "అంటే మనం చూసేది వస్తువుని కాదన్నమాట, దాని బొమ్మని" అన్నాను నేను. "అంతేనమ్మాయ్" అన్నాడు. నాన్న కిటికీ పక్కన కూర్చుని మరమరాల మురీ మిక్చర్ పొట్లం నా ఒళ్ళో పెట్టి నిద్రపోయాడు. నాన్నతో నేను ఎక్కిన ఆఖరి బస్సు అది.

తుపాను వచ్చేసరికి రెండు బోట్లూ బయల్దేరి మూడు రోజులైంది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని పొద్దున అనుకున్నారు, మధ్యాహ్నానికి దాని నంబరు పెంచారన్నారు. రెండు రోజులు గాలి పెంకుల్ని పీకి పారేసింది. మూడో రోజు ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. ఒక్కొక్క బోటే రావడం మొదలుపెట్టింది. కొన్ని ఒరిస్సా వైపు కొట్టుకుపోయి అక్కడి రేవుల్లో తలదాచుకున్నాయని కబురొచ్చింది. యజమాని రెండు బోట్ల జాడ మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మ రోజూ రేవుకి వెళ్ళి సాయంత్రం దాకా నిలబడి వచ్చేది. వచ్చాక గడపలో కూర్చునేది. చోడంబలి గిన్నెలో కలిపి ముందు పెడితే మీద తొరక కట్టేదాకా అలాగే చూసేది. నేను బండ ఎక్కి కళ్ళు చిట్లించి చూసేదాన్ని. కనిపించే ప్రతి చుక్కా నాన్న బోటే అనిపించేది, ఏదీ కాదు.

తుపాను వెలిసిన అయిదో రోజు మాస్టారు ఆఫీసుకి వెళ్ళలేదు. దుర్భిణి చేద్దామని, లేబు నుంచి తెచ్చిన రెండు అట్ట గొట్టాలు ముందేసుకు కూర్చున్నాడు. ప్లాంటు డ్రాయింగులు చుట్టి పంపే గొట్టాలవి, ఒకదానిలో ఒకటి దూరుతుంది. తన చదువు కళ్ళజోడులోంచి ఒకటో నంబరు అద్దం ఊడదీసి పెద్ద గొట్టం మూతికి బిగించాడు. చుట్టూ నల్ల కాగితం అంటించి మధ్యలో బొక్క ఉంచాడు.

"ఈ పక్కకి మందపాటిది కావాలమ్మా. పదో నంబరు లాంటిది" అని నాతో అని తల వంచుకున్నాడు. పదో నంబరు అద్దం ఎక్కడుందో మా అందరికీ తెలుసు.

గోడవారన కూర్చున్న మామ్మ అప్పటికే కళ్ళజోడు తీసేసింది. చెయ్యి చాపింది.

"తియ్యండి బాబూ. నాకేటుంది సూడ్డానికి? ఆడొచ్చినపుడు సూత్తాను."

"వద్దండీ పెద్దమ్మగారూ, మీకు బొత్తిగా..."

"తియ్యమన్నాను కదా. ఒలే గుంటా, అందాకా నువ్వు సూడు. మీ నాన్నొచ్చిన్రోజు నా అద్దం నాకిచ్చెయ్యాల. ఇనపడిందా?"

వినపడిందన్నాను. ఆ మాట ఇచ్చినది నేను.

గొట్టాన్ని బండ మీద రాళ్ళ మధ్య ఆనించి మొదటిసారి చూశాను. చూసి కేక పెట్టాను. పైన సముద్రం, కింద ఆకాశం, మధ్యలో పెద్ద ఓడ ఒకటి స్తంభాలు కిందికి పెట్టి గబ్బిలంలా వేలాడుతోంది. దాని అంచులకి రంగు దారాలు కట్టినట్టు ఎరుపు, ఊదా మెరుస్తున్నాయి. మునిగిపోతోంది అని ఏడుపు లంకించుకున్నాను. మాస్టారు నా తల నిమిరాడు.

"మునగడం లేదమ్మాయ్. ఆ రోజు చెప్పానే, బొమ్మ తల్లకిందులుగా పడుతుందని. మధ్యలో మూడో అద్దం పెడితే నిటారవుతుంది. దానికి సరైన నంబరు వెతకాలి, గొట్టం ఇంకా పొడుగు చెయ్యాలి. ఇప్పుడు అంత వ్యవధి లేదు. నువ్వు చూసింది తిరగేసి చెప్పు, చాలు."

అలా తిరగేసి చెప్పడం నా పనయింది. అమ్మ కింద నుంచి "ఏ రంగు పైన?" అనేది. నేను గొట్టంలో కింద ఉన్న రంగుని పైనుందని చెప్పేదాన్ని. మొదట్లో ఆగి ఆలోచించాల్సి వచ్చేది. రెండు మూడు రోజులకి నోరే తిప్పేసేది. ఎరుపు పైన, ఆకుపచ్చ పైన, తెలుపు పైన. వచ్చిన ప్రతి బోటూ నేను చెప్పిన రంగుతోనే వచ్చింది. అమ్మ నా మాట నమ్మడం మొదలుపెట్టింది. కొండవాలులో ఉన్నవాళ్ళంతా నమ్మారు. పదకొండేళ్ళదాన్ని, నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. సిగ్గుగా ఉన్నా ఆ మాట దాచను.

పదకొండో రోజు పొద్దున్న, ఎండ ఇంకా నీళ్ళ మీద పూర్తిగా పరుచుకోక ముందు, కొండ మలుపులో ఒక బోటు గొట్టంలో పడింది. చిన్నది. మెల్లగా వస్తోంది. కేబిన్ మీద రెండు పట్టీలు. పసుపు, నీలం.

గొట్టంలో పసుపే పైన ఉంది.

గొట్టంలో పసుపు పైనుంటే నిజానికి అది కింద ఉన్నట్టు. ఆ లెక్క నాకు వచ్చు. కానీ ఇప్పుడు నేను చూస్తున్నది గొట్టంలోదా, అప్పటికే నా బుర్ర తిప్పేసినదా? నాన్న చెప్పినట్టే, తిప్పానో లేదో నాకు తెలియలేదు. తెలియాలంటే ఒక్క పని చేస్తే సరిపోయేది. సముద్రం ఎటు పక్కనుందో మళ్ళీ చూడాలి, అంతే. నేను చూడలేదు. అనుమానం వచ్చిన ఆ ఒక్క క్షణంలో నాకు ఏది కావాలో అటు తిప్పుకున్నాను. బండ మీంచి లేచి నిలబడి అరిచాను.

"పైన పసుపమ్మా! పైన పసుపు!"

అమ్మ నవ్వుతూ ఏడుస్తూ ముఖం కడుక్కుంది. పదకొండు రోజుల తర్వాత తల దువ్వుకుంది. కుంకుమ దిద్దుకుంది. నాన్నకి ఇష్టమని పక్కింట్లో అడిగి నెత్తళ్ళు తెచ్చి పులుసు పొయ్యి మీద పడేసింది. చింతపండు పిసికిన చెయ్యి కడుక్కోకుండానే పరుగు తీసింది. మామ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి కొండవాలంతా వినపడేటట్టు కేకలు పెట్టింది.

"నా కొడుకొచ్చినాడర్రా! నా కొడుకు!" అని, నా చెయ్యి దొరకబుచ్చుకుంది. "నా అద్దమేదే? ఇచ్చెయ్యవే! ఆడొచ్చేసరికి నా కన్ను నాకుండాల."

బిగించడానికి మాస్టారు ఇంట్లో లేడు, అప్పుడే బస్సుకి వెళ్ళిపోయాడు. "వచ్చాక పెట్టిస్తాను మామ్మా" అని విడిపించుకుని నేనూ అమ్మ వెనకాల పరిగెత్తాను.

మేము వెళ్ళేసరికి బోటు రేవులోకి తిరుగుతోంది. మామూలు కంటికి కనిపించేంత దగ్గర. పైన నీలం, కింద పసుపు.

అమ్మ నా వైపు చూసింది. "పసుపేదే?" అంది. కోపం లేదు ఆ మాటలో, నిజంగా అడుగుతోంది. బోటు గట్టుకి ఆనుకుంది. అమ్మ గట్టు వెంబడి నడిచి ముందుకెళ్ళింది, బోటు అవతలి పక్క చూడ్డానికి. అవతలి పక్కన పసుపు పైనుంటుందేమోనని. మెడ చాపి చూసింది. వెనక్కి వచ్చి మళ్ళీ ఇటు చూసింది. మళ్ళీ అటు వెళ్ళింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తమ మనుషుల మీద పడి ఏడుస్తున్నారు. ఆ బోటు డ్రైవరు అమ్మని చూసి గట్టు మీద కాలు పెట్టలేక లోపలే నిలబడిపోయాడు.

"సెల్లీ" అన్నాడు చివరికి. "బావ మా ఎనకాలే ఉన్నాడు. సీకటయ్యేదాకా ఆడి దీపం సూసేను. గాలి పెరిగినాక మరి కనపడ్నేదు."

అమ్మ కూలబడలేదు, ఏడవలేదు. నా భుజం పట్టుకుని ఇంటికి నడిపించింది. వీధి మొదట్లోనే మాడిన పులుసు వాసన వచ్చింది. గడపలో మామ్మ కూర్చుని ఉంది. మా అడుగుల చప్పుడు విని చెయ్యి ముందుకు చాపింది, అద్దం కోసం. అడుగులు రెండు జతలేనని ఆ తర్వాత గ్రహించింది. చాపిన చేతిని మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది.

సాయంత్రం సంగతి విని మాస్టారు తల పట్టుకున్నాడు. "నాదే తప్పు. మూడో అద్దం పెట్టి ఉండాల్సింది. పిల్లదేం చేస్తుంది, రోజంతా తల్లకిందులు చూసి చూసి" అని అమ్మ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది అద్దం తప్పు కాదని చెప్పడానికి నాకు నోరుంది. చెప్పలేదు. నా తప్పుని ఆయన తలకెత్తుకుంటుంటే ఎత్తుకోనిచ్చాను.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ తిట్టలేదు సరికదా, మర్నాడు తెల్లవారకముందే లేపి బండ ఎక్కించింది.

"సూడవే. బాగా సూడు. నువ్వు ముందు సూసింది ఇంకో బోటేమో. దాని ఎనకాల వచ్చిందేమో."

ఆ రోజు నుంచి అమ్మ రేవుకి వెళ్ళడం మానేసి బండ కిందే కూర్చుంది. పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఒకటే మాట. ఏ రంగు? ఏ రంగు పైన? కన్ను వాచి నీళ్ళు కారుతుంటే ఇంకో కన్ను పెట్టమనేది. ఏమీ లేదంటే, సరిగ్గా తిప్పావా అనేది. అమ్మ మెడ దగ్గర ఎముకలు తేలాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒక పూట నేను గొట్టానికి కన్ను ఆనించి, రెప్ప మూసేసుకున్నాను. మూసుకునే చెప్పాను, ఏటీ నేదమ్మా అని. ఆ పూటే కాదు, ఆ తర్వాత చాలా పూటలు అలాగే చెప్పాను. నిజంగా నాన్న బోటు వచ్చి ఉన్నా ఆ రోజుల్లో నేను చూసేదాన్ని కాదు.

ఆనందపురం తాత వచ్చాడు. నాన్నతో పోట్లాడిన గొంతు ఇప్పుడు ఆయనకి లేదు. రెండు రోజులు వాకిట్లో కూర్చుని, మూడో రోజు అన్నాడు.

"ఎన్నాళ్ళిలగ? ఆడికి సెయ్యాల్సింది సెయ్యాలి కదా అమ్మా."

"ఆయన బతికుండగా కర్మేటి మావా?" అంది అమ్మ బండ దగ్గర నుంచి, తల తిప్పకుండా.

తాత తన అక్క అయిన మామ్మ వైపు చూశాడు. "నువ్వు సెప్పప్పా. కన్నదానివి. నువ్వు సెప్పందే ఎవలూ సెయ్యరు."

మామ్మ ఆ రోజంతా గోడవారనే కూర్చుంది. ఎండ వాలాక లేచింది. గోడ తడుముకుంటూ, రాళ్ళు తడుముకుంటూ, ఇంటి వెనక్కి తనంతట తాను వచ్చింది. మధ్యలో ఒకసారి మోకాళ్ళ మీద పడింది. తాత లేవబోతే చెయ్యి ఊపి వద్దంది. బండ దగ్గరికొచ్చి నా కాలు తడిమి పట్టుకుంది.

"ఒలే గుంటా. దిగు."

అమ్మ అడ్డొచ్చింది. "ఉండత్తా, ఇంకా ఎలుగుంది. సూడనియ్యి."

మామ్మ ఆమె మాట వినిపించుకోలేదు. నా కాలు వదల్లేదు.

"సాల్లే. నా అద్దం నాకిచ్చెయ్."

అంతే అంది. నాన్న పోయాడని మా ఇంట్లో ఆ తర్వాత కూడా ఎవరూ నోటితో అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. అమ్మ మామ్మ ముఖంలోకి చూసి, బండకి చేరబడి, ఇన్నాళ్ళూ బిగపట్టినదంతా ఒక్కసారి బయటపెట్టింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. వినకూడదు కూడా.

మాస్టారు గొట్టం చివర నుంచి అద్దం ఊడదీసి, పంచె కొసతో తుడిచి, మామ్మ కళ్ళజోడులో బిగించాడు. అది ఆయన వేళ్ళలోంచి రెండుసార్లు జారిపోయింది. మామ్మ దాన్ని ముక్కు మీద పెట్టుకుంది. సముద్రం వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. అమ్మ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, పద్నాలుగు రోజుల తర్వాత మొదటిసారి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత సిక్కిపోయావే నా తల్లీ" అంది.

ఎవరిని చూపించినా లావు చేసి చూపించే అద్దం అది.

ఉక్కు కర్మాగారం లేచింది, క్వార్టర్లు లేచాయి. మాస్టారు అక్కడికి మారిపోయాడు. చనిపోయేదాకా ఎప్పుడు కనిపించినా మూడో అద్దం మాట ఎత్తేవాడు, నేను తల వంచుకునేదాన్ని. అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పాలని ఆమె ఆఖరి రోజుల్లో పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు పులుసు మాడిపోయింది కదే" అంది, ఇన్నేళ్ళకి. మాడిందమ్మా అని మాత్రం అన్నాను.

నిన్న కట్టు విప్పారు. ఎదురుగా గోడ మీద కన్ను బొమ్మ ఒకటి వేలాడదీసి ఉంది. అందులో చెట్టు తల్లకిందులుగా గీసి ఉంది. అదేమిటని అడిగాను. "లోపల బొమ్మ తల్లకిందులుగానే పడుతుంది బామ్మగారూ, అందరికీ అంతే. మెదడు తిప్పుకుంటుంది" అంది ఆ పిల్ల.

"ఎటు తిప్పుకోవాలో దానికెలా తెలుస్తుందమ్మా?"

"అలవాటండీ. తిప్పినట్టే మనకి తెలీదు."

నాన్న మాటలే. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కిటికీ దాకా నడిపించింది. దూరంగా సముద్రం ఒక ముక్క కనిపించింది. నీళ్ళు కిందే ఉన్నాయి, ఆకాశం పైనే ఉంది. ఏదో బోటు రేవుకి వస్తోంది. కొత్త కన్ను కదా, బోటు రంగులు కూడా తెలిసేటట్టే ఉన్నాయి. నేను రెప్ప మూసేసుకున్నాను.

కార్డు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఈ అద్దాన్ని నన్ను తిరిగి అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.